ఆడబిడ్డ అర్ధమొగుడు

మా ఆయనకు సూర్యాపేటలో విత్తనాల దుకాణం ఉంది. మొలక రాకపోతే రైతు ఖాళీ సంచీ తెచ్చి కౌంటర్ మీద కొట్టి, నలుగురిలో నాలుగు మాటలు అని పోతాడు. అలాంటి వ్యాపారం చేసే మనిషి ఇంట్లో, పెళ్ళయి పన్నెండేళ్ళయినా మొలక లేకపోతే బజారులో ఎన్ని జోకులు పేలి ఉంటాయో చెప్పనక్కర్లేదు. మా ముందు ఎవరూ ఒక్క మాట అనలేదు, పాపం మంచివాళ్ళు. వెనక అన్నవన్నీ మోసుకొచ్చి మాకు చెప్పినవాళ్ళు ఇంకా మంచివాళ్ళు.

నేను ఆత్మకూర్ (ఎస్) దగ్గర ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్‌ను. పొద్దున బస్సులో వెళ్ళి సంధులు, సమాసాలు చెప్పి, సాయంత్రం బస్సులో వస్తాను. పెళ్ళయిన నాలుగో ఏట రక్తం పోవడం ఆగక, ఆ దవాఖాన ఈ దవాఖాన తిరిగి, చివరికి గర్భసంచి తీయించుకున్నాను. అండాశయాలు కూడా దానితోనే పోయాయి. ఇదేమీ రహస్యం కాదు. మా వీధి వీధంతా బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చింది. ఒకావిడ నా మంచం పక్కన కూర్చుని, "పోనీలే బిడ్డా, నెలనెలా తిప్పలు తప్పినయి" అని ఓదార్చి, తెచ్చిన బత్తాయిల్లో ఒకటి తానే ఒలుచుకుని తిని వెళ్ళింది. కాబట్టి తర్వాతి రోజుల్లో దిండు కట్టుకుని కడుపని నమ్మించే అవకాశం కూడా నాకు లేకుండా పోయింది.

పిల్లల ఆశ వదిలేసుకున్నామనే అనుకున్నాం. అప్పుడు హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ చెప్పింది, ప్రభుత్వం రూలు మార్చిందని. గుడ్డు ఎవరో దాతది అయినా పర్వాలేదు, బీజం భర్తదై ఉంటే చాలు. ఆ రెంటినీ కలిపి, ఒప్పుకున్న ఇంకో ఆడమనిషి కడుపులో పెంచవచ్చు. ఆ మనిషికి పెళ్ళయి, సొంత బిడ్డ ఉండాలి, ముప్పై ఐదు దాటకూడదు, డబ్బు తీసుకోకూడదు. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చూపించింది. బొమ్మలో అంతా చాలా తేలికగా ఉంది.

ఈ బొమ్మను మా అత్తగారికి అర్థమయ్యేట్టు చెప్పడానికి నేను ఎంచుకున్న రోజు శనివారం. గుడ్డు అన్న మాట నా నోట్లోంచి రాగానే ఆమె చెవులు మూసుకుంది.

"శనివారం పూట గుడ్ల ముచ్చటేందే, దీపం పెట్టిన ఇంట్ల?"

ఆ గుడ్డు కాదని చెప్పేసరికి ఆమెకు అసలు సందేహం వచ్చింది.

"అయితే గా గుడ్డు ఎవలది? మనోళ్ళదేనా?"

"పేరు చెప్పరు అత్తమ్మా. ఎత్తు, రంగు, బ్లడ్ గ్రూపు చెప్తరు, అంతే."

"పేరు నాకెందుకే? ఇంటిపేరు చెప్పుమను, సాలు."

ఈ కోరికను నేను డాక్టరమ్మకు చేరవేశాను. ఆమె నవ్వలేదు. ఈ ప్రశ్న అడగని అత్తగారు ఇంతవరకూ తారసపడలేదట. ఇంటిపేర్లు అండాల మీద రాసి ఉండవని మా ఆయన తన తల్లికి దుకాణం భాషలో నచ్చజెప్పాడు. "విత్తనం మనదే గదనే అమ్మా. గుడ్డుదేముంది?" ఆ మాట ఆమెకు నచ్చింది. "అట్లయితే కౌలు అన్నట్టు" అంది. పేపరువాళ్ళు దీన్ని అద్దె గర్భం అంటారు. అద్దె ఇవ్వకూడదని చట్టం అంటుంది. మూడు దుకాణం మడిగెలు కిరాయికి ఇచ్చుకున్న మా అత్తగారికి కిరాయి లేని కిరాయి ఒక పట్టాన బుర్రకెక్కలేదు గానీ, కౌలు అన్నాక ఇక ఏ అనుమానమూ రాలేదు.

ఆ గుడ్డు ఇచ్చిన ఆమె ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. నా అంత ఎత్తు, చామనఛాయ, అంతే తెలుసు. ఎదురుపడితే గుర్తుపట్టలేను. ఆత్మకూర్ బస్సులో నా అంత ఎత్తు ఆడమనిషి నిలబడి కనిపిస్తే మాత్రం లేచి సీటిస్తున్నాను.

గుడ్డు దొరికింది, విత్తనం ఉంది. ఇక పొలం కావాలి. ఈ సంగతి చెప్పుకోవడానికి మా అమ్మగారింటికి, మిర్యాలగూడకు వెళ్ళాను. మా తమ్ముడు దామరచర్ల కరెంటు ప్లాంటు పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్. మరదలిది కోదాడ. మేము "ఉంటది" అంటాం, ఆమె "ఉంటుంది" అంటుంది. ఆమె వచ్చిన కొత్తలో మా అమ్మ ఆ మాటతీరును వెక్కిరిస్తే, ఆమె నన్ను చూపించి, "బళ్ళో పుస్తకం తెలుగు చెప్పి, ఇంటికొచ్చి గిట్ల గట్ల అంటారు, వదినగారికి జీతం రెండు భాషలకిస్తారా అత్తయ్యా?" అని అడిగింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని మనకో సామెత ఉంది. తమ్ముడి సంసారం మీద అక్కకు సగం పెత్తనం అన్నమాట. నేను ఆ హక్కును అడపాదడపా వాడుకునేదాన్ని, ఆమె దానికి తగ్గ జవాబులు వాడుకునేది. పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న విషయం మీద మా మధ్య ఇప్పటికీ రాజీ లేదు.

అమ్మ మా చుట్టాల్లో ఆడవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుని, ఒక్కొక్కరికీ ఒక్కో వంక పెట్టింది. ఒకామె ఒప్పుకోదు, ఒకామె మొగుడు ఒప్పుకోడు, ఒకామె ఒప్పుకుంటుంది గానీ ఊరంతా చెప్పుకుంటుంది. తమ్ముడు గోడకు ఆనుకుని వింటున్నాడు. మరదలు ఆ పక్కనే కొడుకు యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఆరేళ్ళవాడు, చొక్కా నిండా మరకలే.

"నేను పనికిరానా వదినా?" అంది, తల ఎత్తకుండానే.

ముందుగా తేరుకున్నది మా అమ్మే. మా వరుసల్లో వదిన భర్త అన్న అవుతాడు. మా ఆయనను ఆమె మొదటి రోజు నుంచీ అన్నయ్యా అనే పిలుస్తుంది.

"అన్న వరుస అయ్యేటోని బిడ్డను ఎట్ల మోస్తవే? నలుగురు ఇంటె ఏమంటరు?"

"అన్నయ్య బిడ్డని ఎందుకు మోస్తాను అత్తయ్యా? వదిన బిడ్డని మోస్తాను" అంది ఆమె, చొక్కా కాలర్ తిరగేస్తూ.

నేను లేచి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎనిమిదేళ్ళుగా అందరూ నా కడుపు గురించి మాట్లాడారు. నా బిడ్డ అని ఒక్కరైనా అనలేదు, ఈ పిల్ల ఒక్కతే అంది. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మా తమ్ముడు ఇంకా గోడకు ఆనుకునే ఉన్నాడు. "నీ ఇష్టం" అన్నాడు పెళ్ళాంతో. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మరి ఊర్లోళ్ళకు ఏమని చెప్పాలె అక్కా?" అన్నాడు.

ఆ తర్వాత పరీక్షలు, సంతకాలు, ముద్రలు, ఈ ఆఫీసు, ఆ ఆఫీసు. కడుపులో ఏమీ లేకముందే జడ్జి ముందు నిలబడ్డాం. పుట్టబోయే బిడ్డకు తల్లి నేను, తండ్రి మా ఆయన అని కోర్టు రాసిచ్చింది. నా సర్వీసులో ఒక ఇంక్రిమెంటు రావడానికే నేను చెప్పులరిగేలా తిరిగాను. అలాంటి సర్కారు నేను తల్లినని బిడ్డ పుట్టకముందే ఒప్పేసుకుంది. సర్కారు పని అయ్యాక వీధి పని మొదలైంది.

కడుపు నిలిచిందని తెలిసినప్పుడు మరదలు కోదాడలో వాళ్ళ అమ్మగారింట్లో ఉంది. ఆమెను నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుకుందామని తీసుకురావడానికి నేనూ మా ఆయనా కారులో వెళ్ళాం. వాళ్ళమ్మ గేటు దగ్గరే ఎదురైంది.

"ఆడపడుచుకి చీర పెట్టడం విన్నాం, సారె పెట్టడం విన్నాం. కడుపు పెట్టడం ఏంటమ్మా, ఎక్కడైనా ఉందా?"

ఆమె కోపంగానే ఉంది, కోపంగానే మా చేతుల్లో గోంగూర పచ్చడి సీసా పెట్టి, తన బిడ్డను జాగ్రత్తగా చూసుకోమని కళ్ళు తుడుచుకుంది. తిరుగు దారిలో మునగాల దగ్గర ఢాబా ముందు కారు ఆపించి మరదలు పరుగున పక్కకెళ్ళి వాంతి చేసుకుంది. నేను తల పట్టుకున్నాను. ఆమె నీళ్ళతో నోరు పుక్కిలించి, నా చెయ్యి ఆసరాగా లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అంది:

"ఆడబిడ్డ అర్ధమొగుడంటే ఏదో పెత్తనం అనుకున్నాను వదినా. ఇంత పని చేస్తారనుకోలేదు."

లారీ డ్రైవర్లు తిరిగి చూసేట్టు నవ్వాం ఇద్దరమూ. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని, జోకు అర్థం కాక కాదు, అర్థమైందని ఒప్పుకోలేక, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇక ఊరికి ఏం చెప్పాలన్న సమస్యను మా అత్తగారు ఒక్క మధ్యాహ్నంలో తేల్చేసింది. నిజం చెబితే ముందు గుడ్డు, తర్వాత కౌలు, ఆ తర్వాత అన్న వరుస, ఒక్కోదానికి ఒక్కో పంచాయితీ. అందుకని ఆమె ఎవరూ ప్రశ్నించని మాట ఒకటి వదిలింది: కోడలి తమ్ముడికి రెండో బిడ్డ పుట్టబోతోంది, పాపం అక్కకు పిల్లల్లేరని ఆ బిడ్డను పెంపకానికి ఇస్తున్నాడు. మా వైపు ఇది కొత్తేమీ కాదు. పిల్లలు లేని అక్కకు తమ్ముడి బిడ్డను ఇవ్వడం పాత పద్ధతే. వీధి వీధంతా మెచ్చుకుంది. బత్తాయి తిన్న ఆవిడ ప్రత్యేకంగా వచ్చి, "ఏందన్నగానీ, మేనత్త అంటే తల్లి తర్వాత తల్లి" అని నా తల నిమిరి వెళ్ళింది.

అలా నేను నా బిడ్డకు మేనత్తనయ్యాను.

మిర్యాలగూడలో మా తమ్ముడి పరిస్థితి ఇంకో రకం. కనిపించిన ప్రతివాడూ భుజం తట్టి, "ఏండ్ల సంది రెండోదెప్పుడురా అంటున్నం, ఇప్పటికి యాదికొచ్చిందా?" అని మిఠాయి అడిగేవాడు. తమ్ముడు అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఊపడంలో ఆరితేరాడు. మా అత్తగారు నెలకోసారి బస్సెక్కి వెళ్ళి కుంకుమపువ్వు డబ్బీ ఇచ్చేది. "పాలల్ల ఏస్కొని తాగు. పోరడు ఎర్రగ పుడతడు" అనేది. పోరడని ఆమెకెవరు చెప్పారో తెలియదు. మరదలు ఆ పాలు తాగి, "చామనఛాయ గుడ్డుకి ఈ పువ్వు ఏం చేస్తుందో చూడాలి వదినా" అని నాకు ఫోను చేసేది.

బడిలో కూడా వార్త పాకింది. అబద్ధం చెప్పడం నా వల్ల కాక, ఒక్కరికైనా నిజం చెబుదామని సైన్సు సారును ఎంచుకున్నాను. పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం చెప్పే మనిషి కదా, అర్థం చేసుకుంటాడనుకున్నాను. గుడ్డు దగ్గర నుంచి కోర్టు దాకా అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే మేడం, పుట్టే బిడ్డ ఎవరి బిడ్డ అయితది?"

"నా బిడ్డ సార్."

"అది సరే మేడం. అసలు ఎవరి బిడ్డ?"

ఆ "అసలు" అన్న మాటను ఆయన పిల్లలకు కణం గురించి చెప్పేటప్పుడు ఎంత నెమ్మదిగా అంటాడో అంత నెమ్మదిగా అన్నాడు. నాలుగో పీరియడ్ గంట కొట్టారు. నేను ఎనిమిదో తరగతికి వెళ్ళాను. ఆ రోజు అత్వ సంధి. మేన, అత్త, రెండూ కలిస్తే మేనత్త. ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తున్న ఉదాహరణే. ఆ రోజు మాత్రం చాక్‌పీసు విరిగింది. నాకు కావలసింది ఒక్కటే, ఆ బిడ్డ నన్ను అమ్మా అని పిలవాలి. ఊరు ఏమన్నా అనుకోనీ, ఆ ఒక్క నోరు అంటే చాలు. అదే జరగదేమోనని నాకు భయం పట్టుకుంది.

పాప మిర్యాలగూడలోనే పుట్టింది. డాక్టరు నేరుగా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తడి జుట్టు, ముడుచుకున్న పిడికిళ్ళు, ఎవరి మీదో పుట్టుకతోనే కోపం. మా అత్తగారు పోరడి ఆశ వదులుకుని, "లచ్చిందేవి అచ్చింది తీయ్" అని సర్దుకుంది. మంచం మీద మరదలు కుట్ల నొప్పితో కళ్ళు మూసుకునే, "ఇంతకీ నేను దీనికి ఏమవుతానో ఎవరైనా చెప్పండి" అంది.

"మేనమామ పెండ్లానివి. అత్తవు" అంది మా అమ్మ.

"అత్త కడుపున పుట్టిన కోడలన్నమాట" అని ఆమె నవ్వబోయి, నొప్పికి అమ్మా అని మూలిగింది.

కోడలు అన్న మాట మా అమ్మకు ఎక్కడో తగిలింది. కొడుకు కొడుకు, కూతురి కూతురు: మేనరికానికి ఇంతకంటే మంచి జంట ఏముంటుంది? "నా మనుమనికే ఇస్త, బయటి సంబంధం సూసేదే లేదు" అని అక్కడికక్కడే నిశ్చయం చేసేసింది. మా అత్తగారు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నది పోస్తున్నట్టే ఆగింది.

"ఒక్క కడుపుల పుట్టినోళ్ళకు పెండ్లెట్ల జేస్తవమ్మా వియ్యపురాలా?"

"కడుపు ఒక్కటైతేంది? రక్తం ఏరు గదా!"

"రక్తం ఏరైతే మరి మేనరికం ఎట్లయితది?"

పుట్టి పూట కూడా గడవని నా కూతురి పెళ్ళి మీద ఇద్దరు ముసలమ్మలు టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పంపింది.

ఇరవై ఒకటో రోజున సూర్యాపేటలో మా ఇంట్లో తొట్టెల పెట్టారు. వీధంతా వచ్చింది. మరదలు చెవుల్లో పత్తి పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని బాలింతగా కుర్చీలో కూర్చుంది. బిడ్డను తొట్టెలో వేసి చెవిలో పేరు పిలవాల్సింది మేనత్త. "మేనత్త ఎవలు? రావాలె" అని ఒక పెద్దామె కేకేసింది. వీధి ఆడవాళ్ళందరూ కలిసి నన్ను ముందుకు తోశారు. అదే సమయానికి మా ఆయన చెల్లెలు కూడా లేచింది. ఆమెదీ న్యాయమే. పాప తండ్రి ఆమె అన్న కాబట్టి, నిజానికి మేనత్త ఆమే. నల్లగొండ నుంచి గొలుసు చేయించుకుని మరీ వచ్చింది.

"గామె ఎందుకు లేస్తాంది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

మా అత్తగారికి చెమటలు పట్టాయి. తాను ఊరికి చెప్పిన కథ, ఇంట్లో ఉన్న నిజం తొట్టె దగ్గర ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. "ఇద్దరూ పిలువుండ్రి, ఏం పోతది" అని తేల్చేసింది. ఆ రోజు నా కూతురికి ఇద్దరు మేనత్తలున్నారు, అమ్మ మాత్రం లేదు. కోర్టు కాగితం బీరువాలో ఉంది, బీరువా తాళం నా నడుముకు ఉంది. నేను వంగి నా బిడ్డ చెవిలో దాని పేరు మేనత్త హోదాలో చెప్పి వచ్చాను. అంతమందిలో నన్ను చూస్తున్నది ఒక్క మరదలే. ఆమె నవ్వడం లేదు.

పాప పెరిగింది. పుట్టిన రంగు తగ్గి చామనఛాయ తేలింది, కుంకుమపువ్వు ఓడిపోయింది. లోకంలో పిల్లలందరికీ మొదట వచ్చే మాట అమ్మ అంటారు. మా పాపకూ వచ్చింది, కాకపోతే మా అత్తగారిని చూసి అంది. దానిదేం తప్పు? మా ఆయన రోజుకు పదిసార్లు వాళ్ళమ్మను అమ్మా అని పిలుస్తాడు. ఇంట్లో నన్ను అమ్మా అనేవాళ్ళు ఎవరున్నారు గనక? మొగుడికి నేను "ఇగో"ను, అత్తగారికి "ఏమే"ను, వచ్చిపోయేవాళ్ళకు మేనత్తను. "నన్నే అమ్మ అంటాంది సూడే" అని మా అత్తగారు మురిసిపోయింది. నేను కూడా నవ్వి, వంటింట్లోకి వెళ్ళి మిక్సీ వేశాను, ఎవరికీ ఏమీ వినపడకుండా.

ఎండాకాలం సెలవులకు మరదలి కొడుకు మా ఇంటికొచ్చాడు. వాడంటే పాపకు ప్రాణం. వాడు ఎటు పోతే అటు దోగాడేది, లేచి నిలబడ్డాక వాడి నిక్కరు పట్టుకుని నడిచేది. వాడు "అత్తా, ఆకలైతాంది" అనేవాడు. "అత్తా, బాల్ గోడమీద పడ్డది" అనేవాడు. ఒకరోజు నేను పాపకు అన్నం కలుపుతుంటే, అది నా మొహంలోకి చూసి, స్పష్టంగా, ముద్దుగా, "అత్తా" అంది.

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నత్తి ఉన్న పిల్లల చేత కూడా పద్యాలు చెప్పించాను. నా కూతురికి రెండక్షరాలు నేర్పలేకపోయాను. "అమ్మ అను, అమ్మ" అని నా గుండె మీద చెయ్యి వేసి చూపిస్తే, అది తల తిప్పి మా అత్తగారి కోసం వెతికేది. మా ఆయన, "పెద్దగయితే అదే తెలుసుకుంటది, ఊకో" అన్నాడు. పెద్దయ్యాక తెలుసుకునేది ఏమిటో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

సెలవులు అయిపోయి కొడుకును తీసుకుపోవడానికి మరదలు వచ్చిన రోజు పాప ఆమె ముందే నన్ను అత్తా అని పిలిచింది. వీధిలో ఎవరు విన్నా నాకు బాధ లేదు, ఆమె వినడం మాత్రం నాకు సిగ్గనిపించింది. ఆమె మోసి కని ఇచ్చింది, నేను దాని చేత అమ్మా అని కూడా అనిపించుకోలేకపోయాను. ఆమె కొడుకు బట్టలు బ్యాగులో సర్దుకుని, పాపను ఒకసారి ఎత్తుకుని దించి, బస్సెక్కింది.

ఆ తర్వాతి ఆదివారం తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. వాడు గేటు తీసుకుని పరుగున వచ్చి, నా ముందు ఆగి, పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా, "పెద్దమ్మా, బాగున్నవా?" అన్నాడు.

మా అత్తగారు అరుగు మీద నుంచి లేచింది. ఆ వారం మా అమ్మ కూడా వాళ్ళతోనే వచ్చింది. "తొవ్వ పొడుగూతా ఇదే లొల్లి" అని ఆమె అప్పుడే నిట్టూర్చింది. పెద్దమ్మ అంటే తల్లికి అక్క. మేనత్త పెద్దమ్మ అయితే మరదలు నాకు చెల్లెలవుతుంది, పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళు అవుతారు. మేనరికం అక్కడితో ఖతం.

"వరుసలు గిట్ల ఇష్టమొచ్చినట్టు మారుస్తరా?" అంది మా అత్తగారు. "మేనమామ పెండ్లాం చిన్నమ్మ ఎట్లయితది?"

"ఒక కడుపున పుట్టినవాళ్ళు అన్నాచెల్లెళ్ళు కాకపోతే ఏమవుతారండీ? ఆ మాట దవాఖానలో మీరే కదా అన్నారు" అంది మరదలు, చెప్పులు విప్పుతూ. నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఊరంతా మేనత్త, మేనత్త అంటోంది వదినా. ఊరి నోరు నా చేతిలో లేదు. వీడి నోరొక్కటే నా చేతిలో ఉంది. దాన్ని మార్చాను."

మా తమ్ముడు మాత్రం మేనమామ హోదా వదులుకోనని భీష్మించాడు. చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునే హక్కు తనదేనట. అందుకని మా పాపకు వాడు మామ, వాడి పెళ్ళాం పిన్ని. వరుసలు బాగా తెలిసినవాళ్ళు మా ఇంటికొస్తే కళ్ళు తిరుగుతాయి. రాఖీ పండుగకు పాప చేత మరదలి కొడుకు చేతికి రాఖీ కట్టిస్తుంటే, మా అమ్మ దేవుడి ఫోటో వైపు చూస్తూ కూర్చుంది. మంచి సంబంధం చెడిపోయిన బాధ ఆమెది.

అంతా మారినా ఒకటి మారలేదు. కొడుకు నోరు మార్చిన మరదలు తన నోరు మార్చుకోలేకపోయింది. నన్ను వదినా అనే పిలిచేది. పాపకూ పట్టింపు లేదు, రాఖీ దాటాక కూడా మూడు నాలుగు ఆదివారాలు నన్ను అత్తా అనే పిలిచింది.

మొన్నటి ఆదివారం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మరదలు వంటింట్లో పప్పుచారు చేస్తోంది, బెల్లం వేసే. బాల్ మళ్ళీ గోడ అవతల పడింది. వాడు మెట్ల మీద నిలబడి, "పెద్దమ్మా!" అని అరిచాడు. నేను తడి చీర విదిలిస్తూ, వస్తున్నా అన్నాను. వాడు మళ్ళీ అరిచాడు, "పెద్దమ్మా!" వాడి వెనక, వాడి నిక్కరు పట్టుకుని నిలబడ్డ పాప వాడి నోరు చూసింది, నన్ను చూసింది, రెండు చేతులూ చాచింది.

"అమ్మా!"

పెద్ద, అమ్మ, రెండూ కలిస్తే పెద్దమ్మ. అదీ అత్వ సంధే. ఇన్నేళ్ళుగా నేను బోర్డు మీద కలుపుతూ వచ్చాను, నా కూతురు మెట్ల మీద నిలబడి విడదీసింది. "పెద్ద"ను వాళ్ళన్నకు వదిలేసి, మిగిలింది నాకిచ్చింది. నేను చీర చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాను, మళ్ళీ అంటుందో లేదోనని.

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

"అక్కా" అంది మరదలు లోపలి నుంచి. "మీ అమ్మాయి పిలుస్తోంది, వెళ్ళండి."